డాక్టర్ జోర్: దక్కనీభాషా పరిశోధనము

గోలకొండ సుల్తానులనాఁటి వాఙ్మయమును గుఱించి తెలుఁగుపండితులు వ్రాయునపుడు మల్కిభరాముని పేరు తప్పక వచ్చును. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానము నా ప్రభువున కంకితమిచ్చుటయు, పొన్నిగంటి తెలగనార్యుఁడు తన యచ్చతెనుఁగు యయాతిచరిత్రమును అమీనుఖానునకుఁ గృతియొసఁగుటయుఁ జెప్పి ప్రకరణమును ముగించుట వాడుక. ఆ మల్కిభరాముని కుమారుఁడు మహమ్మద్ కులీ కుతుబ్ షా (1580–1612) మన గ్రంథములలో 1591లో హైదరాబాదును గట్టించిన రాజుగానే కనఁబడును. అతఁడు దక్కనీభాషలో విపులముగాఁ గవిత్వము చెప్పినవాఁడనియు, ఆ కవిత్వమున వసంతోత్సవమును మృగశిరకార్తె తొలివానయు వర్ణింపఁబడినవనియు నెఱిఁగిన తెలుఁగుపండితులు మిక్కిలి తక్కువ. లిపి తెలియకపోవుట యొక కారణము. ఆ భాష మనది కాదనుకొనుట మఱియొకటి. మొదటిదానికి క్షమ కలదు.

ఆ కవిని మఱుఁగునుండి వెలికిఁ దెచ్చినవాఁడు డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ కాద్రీ. 'జోర్' అతని కవితానామము. ఆ పేరే లోకమున నిలిచినది. 1905లో హైదరాబాదున నొక సూఫీ కుటుంబమునఁ బుట్టి, దారుల్ ఉలూము, సిటీ స్కూలులందుఁ జదివి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము నందెను. పిదప లండనుకుఁ బోయి డాక్టరు పట్టమును బడసి, జూల్ బ్లాక్ వంటి భారతీయభాషావేత్తలు బోధించుచుండిన పారిసు నగరమున ధ్వనిశాస్త్రము నభ్యసించెను. 'హిందుస్తానీ ఫొనెటిక్స్' అను నాంగ్లగ్రంథము 1930లో నక్కడనే యచ్చయ్యెను. తిరిగివచ్చి ఉస్మానియాలో నుర్దూ బోధించెను. చాదర్‌ఘాట్ కళాశాల కధ్యక్షుఁడయ్యెను. 1931లో 'ఇదారా ఎ అదబియాతె ఉర్దూ' యను సంస్థను స్థాపించెను. 1962లోఁ గాశ్మీరవిశ్వవిద్యాలయమున నుర్దూశాఖాధ్యక్షుఁడుగా నుండి శ్రీనగరమునఁ గాలధర్మము నొందెను. పరిశోధనము, బోధనము, సంస్థానిర్మాణము ననెడు మూఁడు పనులను ఒక్కఁడే చేసినవాఁడని యతనిని గొనియాడుట పరిపాటి. మూఁడింటిని జేయుట గొప్పయే. కాని యొకదాని గుణదోషములు మఱియొకదానిపై నెట్లు పడినవో విచారించుట విమర్శకుని పని.

మొదట భాషావిషయము. జోర్ మహాశయుఁడు తన యింటి మాటను, అనఁగా దక్కను ఉచ్చారణమును, శాస్త్రవిషయముగాఁ జేసికొనెను. ఉత్తరదేశపు ఉర్దూవారు హైదరాబాదీయులను నవ్వుటకు మొదట పట్టుకొనునది కంఠమూలమునఁ బుట్టు 'క'కారము. అరబ్బీలోని యా వర్ణము హైదరాబాదీయుని నోట 'ఖ'కారచ్ఛాయ నొందును. 'కలమ్' అనవలసినచోట 'ఖలమ్' అనును. 'కుతుబ్' 'ఖుతుబ్' అగును. మహాప్రాణములు సడలుట మఱియొక లక్షణము. 'హాథ్', 'ముఝే', 'దేఖ్' అనువానికి 'హాత్', 'ముజే', 'దేక్' అనును. ఇవి యపభ్రంశములని త్రోసివేయక, ఈ భూమిలో నీ భాష యిట్లు పలుకఁబడుచున్నదని నిరూపించుట చిన్న పని కాదు. గ్రామ్యమని పేరుపెట్టి వదలుట సులభము. చిన్నయసూరి భాషను దత్సమాదులుగా నాలుగు తెగలు చేసి నాలవదానికి గ్రామ్యమని పేరిడెను. ఆ పేరు చాటున నెన్ని నిజములు పరీక్షలేక పోయినవో వైయాకరణులు తమలోఁ దామైన నొప్పుకొనక తప్పదు.

1932లోని 'హిందుస్తానీ లిసానియాత్' అను గ్రంథమున నతఁడు ఉర్దూభాష పుట్టుకను విచారించెను. ఉర్దూ నేఁటి పంజాబీనుండి గాని ఢిల్లీప్రాంతపు ఖడీబోలీనుండి గాని పుట్టలేదనియు, ఈ రెంటికిని మూలమై, తురుష్కులు ఢిల్లీ చేరుటకు ముందు పంజాబుదేశమున వ్యవహరింపఁబడిన భాషనుండి పుట్టినదనియు నతని సిద్ధాంతము. దక్కనీ బహువచనరూపములు దీనికిఁ జక్కని సాక్ష్యము. 'బాత్' శబ్దమునకు ఢిల్లీవారు 'బాతేఁ' అనఁగా దక్కనీవారు 'బాతాఁ' అందురు. 'లోగాఁ' అనియు నందురు. పంజాబీలో 'కితాబాఁ' అను రూపము గలదు. ఉత్తరమునఁ దొలఁగిపోయిన పాతరూపము దక్షిణమున నిలిచియుండుట భాషాచరిత్రమున వింత గాదు. ఈ వాద మింతవఱకు బలవత్తరము.

అయితే రూపములను వెదకుటకు ఉత్తరమువైపు చూచిన దృష్టి, అన్వయమును వెదకుటకు దక్షిణమువైపు తగినంతగాఁ దిరుగలేదు. 'హిందుస్తానీ ఫొనెటిక్స్' ధ్వనిశాస్త్రగ్రంథము గావున వాక్యనిర్మాణము దాని పరిధిలోనిది కాదు; ఆ లోపము నా పుస్తకముపైఁ బెట్టరాదు. కాని దక్కనీ యనునది దక్కనీ యగుటకు హేతువు ధ్వనులకన్న వాక్యమునందే యెక్కువగాఁ గలదు. నయాపూల్ దాఁటి మదీనావైపు నడచు నెవఁడైనను నిత్యము విను మాటయే దీనికి నిదర్శనము. 'వో ఆతా బోల్కే సునా' అందురు. 'వాఁడు వచ్చునని వింటిని' అనుట దీనికి మాటకు మాట. ఢిల్లీవాఁడు దీనినే 'మైఁనే సునా కి వో ఆయేగా' యని క్రియను ముందుపెట్టి, 'కి' యను నవ్యయముచేత వాక్యము నతికించును. సంస్కృతమున 'ఇతి' శబ్దము వాక్యాంతమున వచ్చునది నిజమే; కాని యది నిపాతము, దానికి ధాతువు లేదు. తెలుఁగున 'అని' యనునది అను ధాతువునకుఁ గ్త్వార్థకము. దక్కనీలో 'బోల్కే' యనునది బోల్ ధాతువునకుఁ గ్త్వార్థకము. పలుకుట యను నర్థముగల ధాతువు, దానికిఁ గ్త్వార్థకప్రత్యయము, వాక్యాంతమున స్థానము, ఈ మూఁడును గలిసినవి.

సామ్య మిక్కడితో నాఁగదు. 'అని' శబ్దమునకుఁ దెలుఁగున నెన్ని ప్రయోజనములు గలవో 'బోల్కే' కన్నియుఁ గలవు. 'అహ్మద్ బోల్కే ఏక్ ఆద్మీ' యన్నచో 'అహ్మదను నొక మనుష్యుఁడు', ఇది సంజ్ఞార్థము. 'పానీ పడ్తై బోల్కే నైఁ ఆయా' యన్నచో 'వాన పడుచున్నదని రాలేదు'; ఇది హేత్వర్థము. ఇఁక సందేహార్థమున మనము 'ఎవరో', 'ఎక్కడికో' యని తుద నోకారము చేర్చినట్లు, వారు 'కౌన్ కీ', 'కాఁ కీ' యని తుద 'కీ' చేర్తురు. అరవుమాట యెరువుగాఁ దెచ్చుకొనుట సంతలోఁ గూడ జరుగును. వాక్యపుటెముక యెరువు రావలెనన్నఁ దరతరములు ఒక యింట రెండు భాషలు పలుకఁబడవలెను.

ఇది తెలుఁగు సొమ్మే యని బల్లగుద్దుటకుఁ గూడ వీలులేదు. మరాఠీలో 'మ్హణూన్', కన్నడమున 'ఎందు' ఇట్టివే. దక్కనీ దౌలతాబాదు, గుల్బర్గా, బీదరు దాఁటి గోలకొండకు వచ్చిన భాష. వద్దనుట కది వాడు 'నక్కో' మరాఠీ 'నకో'. అవధారణార్థమునఁ బదాంతమునఁ జేర్చు 'చ్' అనునదియు మరాఠీదే. కావున 'బోల్కే' యే సీమలో మొదట నేర్పడినదో ప్రాచీనగ్రంథముల కాలక్రమమునుబట్టి తేల్పవలసియున్నది. తెలుఁగు, కన్నడము, మరాఠీ, పారసీకము తెలిసిన యొక పండితుఁడో, తెలిసిన నలుగురి కూటమో చేయవలసిన పని యది. పంజాబును జూచిన జోర్ దృష్టి తప్పు గాదు, సగము. రూపము పంజాబుది, అన్వయము దక్కనుది యనిన సిద్ధాంతము నిండుగా నుండెడిది.

రెండవది గ్రంథపరిష్కరణము. మహమ్మద్ కులీ కృతులను అతని సోదరపుత్రుఁడును అల్లుఁడును నగు సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా సంకలనము చేయించి పద్యమయమైన పీఠిక వ్రాసెను. మూఁడుశతాబ్దములకుఁ బైగా నది పుస్తకశాలలలోనే యుండెను. నయాపూల్‌కు దక్షిణమున, దివాన్ దేవిడీలో, సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాను గ్రంథసంచయమున నున్న ప్రతుల సాయముతో జోర్ మహాశయుఁడు 'కుల్లియాత్'ను బరిష్కరించి 1940లోఁ బ్రకటించెను. ఆ నవాబు పేర 'సిల్సిలా ఎ యూసుఫియా' యను గ్రంథమాల యేర్పడి దక్కనీ లిఖితప్రతులు వెలువడఁజొచ్చెను. ధనము గలవానిచేతఁ బుస్తకము లచ్చువేయించుట, పుస్తకము గలవానిచేత బీరువా తెఱపించుట, ఈ రెంటిలో రెండవది కష్టము. దానిని సాధించినందులకే యతఁడు వందనీయుఁడు. ఆ సంచయము నేఁడు ప్రజలది. 1951లో దివాన్ దేవిడీలోఁ దెఱవఁబడిన ప్రదర్శనశాల 1968లో నయాపూల్ చెంత మూసీ దక్షిణపుటొడ్డున నిప్పటి భవనమునకు మాఱినది.

పరిష్కరణమున మాత్రము సంపాదకుని చేయి కొంత స్వేచ్ఛగా నాడినది. మాతృకలో గజలులుగా నున్న రచనలకుఁ గొన్నింటికి నతఁడే శీర్షికలు పెట్టి, విషయమునుబట్టి తెగలు చేసి, పండుగల పాటలు, ఋతువుల పాటలు, భవనముల పాటలు, ప్రియురాండ్ర పాటలు నను వరుసలో నుంచెను. చదువరి కిది సుఖము. విద్యార్థికి మఱియు సుఖము. కాని గజలునకు శీర్షిక లేదు. దానిలో నొక ద్విపదికకును మఱియొక ద్విపదికకును విషయైక్యము నియమము గాదు. శీర్షిక పెట్టఁగనే యది యేకవిషయకమైన ఖండకావ్య మగును. చదువరి కవి యుద్దేశింపని యైక్యమును వెదకును. ముక్తకములకుఁ బ్రకరణములు కట్టి కథగాఁ జదువుట మనవారును జేయుదురు; అమరుశతకమున కట్టి గతి పట్టించిన వ్యాఖ్యాత లుండిరి. సంపాదకుఁడు తన మాటను మాతృకమాటనుండి వేఱుచేసి చూపుట పరిష్కరణధర్మము. సయ్యదా జాఫర్ 1985లో నీ కుల్లియాత్‌ను మఱల పరిష్కరించి ప్రకటించుట యీ యవసరమును దీర్చుటకే యనవచ్చును.

శీర్షికలకన్న గొప్ప చిక్కు ప్రియురాండ్రది. కుల్లియాత్‌లో 'నన్హీ', 'సాఁవ్లీ', 'ఛబీలీ', 'గోరీ', 'పద్మినీ', 'ముష్తరీ' మొదలగు పేరులతో వనితల వర్ణన లున్నవి. పండ్రెండుగురు ప్రియురాండ్రను లెక్క ప్రసిద్ధము. జోర్ మహాశయుఁడు వీరిని రాజాంతఃపురమున నిజముగా నుండిన స్త్రీలుగా గ్రహించి, కవిజీవితమును వీరి చుట్టును నల్లెను. సంస్కృతాలంకారము చదివిన వాఁడీ పేరులను జూడఁగనే యొక నిమిష మాఁగును. సాఁవ్లీ యనఁగా శ్యామ. గోరీ యనఁగా గౌరి. నన్హీ యనఁగా బాల. పద్మిని కొక్కోకాదులు చెప్పిన స్త్రీజాతి. ఇవి పేరులా, జాతులా? భానుదత్తుని రసమంజరి యప్పటికే దేశమున వ్యాపించియుండెను. తెలుఁగున ననంతామాత్యుని రసాభరణము వెలసి నూఱేండ్లు దాఁటెను. గోలకొండ గాలిలో నాయికాభేదశాస్త్రము లేదనుటకు వీలులేదు. మహమ్మద్ కులీ తరువాత రెండుతరములకు, తానాషా కాలమున, అక్బర్ షా పేర 'శృంగారమంజరి' యను లక్షణగ్రంథము గోలకొండలోనే పుట్టినది. అది మొదట తెలుఁగునఁ గూర్పఁబడి పిదప సంస్కృతీకరింపఁబడినది, వి. రాఘవన్ పండితుఁడు పరిష్కరింపఁగా హైదరాబాదు పురావస్తుశాఖవారు 1951లో దానిని బ్రకటించిరి. ఒక మహమ్మదీయ పీఠాధిపతి కుమారుఁడు రసమంజరీకారునితో నాయికాలక్షణములపై వాదమునకు దిగిన గ్రంథమది. ఉత్తరకాలపు గ్రంథము పూర్వకాలపు కవికి సాక్షాత్ప్రమాణము గాఁజాలదు. కాని యా యాస్థానమున నీ విద్యకు వేరున్నదని మాత్రము చెప్పును.

కావున పండ్రెండుగురిలోఁ గొందఱు వ్యక్తులై యుండవచ్చును, కొందఱు నాయికాజాతులై యుండవచ్చును. హైదర్ మహల్ వంటి పేరు బిరుదువలె నున్నది, సాఁవ్లీ యట్లు లేదు. విభజించి చూడవలసినదానిని జోర్ మహాశయుఁ డొక్కముద్దగాఁ జేసెను. కారణ మూహింపవచ్చును. అతఁడు పరిశోధకుఁడే కాక కథకుఁడును. 'సైరె గోల్కొండా', 'గోల్కొండే కే హీరే' యను కథాసంపుటములలోఁ గుతుబుషాహీ నగరమును దిరిగి బ్రదికించెను. కథకునకుఁ బాత్రలు కావలయును. వజహీకవి 1609 ప్రాంతమున రచించిన 'కుతుబ్ ముష్తరీ' కావ్యనాయికయే భాగమతి యను నూహను జోర్ ఆదరించెను. భాగమతి నిజముగా నుండెననియు వాదించెను. చరిత్రాచార్యుఁడు హారూన్‌ఖాన్ షేర్వానీ యా కథను గల్పన యని ఖండించెను. భాగమతి యుండెనా లేదా యనునది చరిత్రకారులు తేల్చుకొనవలసినది. కావ్యముమాట మాత్రము వేఱు. కుతుబ్ అనఁగా ధ్రువనక్షత్రము, ముష్తరీ యనఁగా బృహస్పతిగ్రహము. నాయకునిపేరు నాయికపేరుతో నాకాశమునఁ గలియుటయే కవి చమత్కారము. అందుకొఱకే నాయిక కా పేరు పెట్టఁబడినది. మన బృహస్పతి పారసీకులచేతఁ బడి నాయిక యగుట వింతయే కాని, శ్లేషను విడిచి యా పేరునుండి చరిత్రను దీయుట ధ్రువునకు దారపరిగ్రహము చేయించుటవంటిది.

మహమ్మద్ కులీ తెలుఁగునఁ గూడఁ గవిత్వము చెప్పెనను ప్రతీతియు నొకటి గలదు. నిదర్శనముగాఁ జూపఁదగిన రచన యొక్కటియు లోకమునకుఁ జేరలేదు. సభలలోఁ బరస్పరమైత్రికై చెప్పుటకు బాగుండును, వాఙ్మయచరిత్రలలో నెక్కరాదు. అతని కవిత్వమునఁ దెలుఁగుదేశ మున్నదనుటకు మృగశిరకార్తె పాటలే చాలును. పారసీక కవితాసంప్రదాయమున నీ కార్తె లేదు. ఏరువాకకు ముందు మబ్బును జూచు కాఁపు కన్నులతోఁ జూచినఁగాని యది పాటలోనికి రాదు.

బోధనమును గుఱించి విస్తరింపఁ బనిలేదు. శిష్యులవలన నది తెలియును. దక్కనీ యొక పాఠ్యవిషయమై యుస్మానియాలో నిలద్రొక్కుకొనుటకు నతఁడు కారకుఁ డనుట చాలును.

సంస్థవిషయము మాత్ర మిట్లు దాఁటరానిది. ఉస్మానియా విశ్వవిద్యాలయము, రాజాస్థానము ఉర్దూకు రెండుచేతులుగా నున్న దినములలో వేఱొక సంస్థ యేల యని 1931లో నడిగినవా రుండియుందురు. ఆ సంస్థ పుస్తకములఁ బ్రకటించెను. 1938లో 'సబ్‌రస్' మాసపత్రికను బెట్టెను. బడి చదువులేని పెద్దలకును, పరదాలోనున్న స్త్రీలకును అందునట్లు పరీక్షలు నడపెను. ఇండ్లలోఁ జెదలు తినుచున్న వ్రాఁతప్రతులఁ జేర్చెను. 1948 తరువాత రాజ్యము మాఱి, ఉర్దూ పాలనపీఠమునుండియు విశ్వవిద్యాలయబోధనపీఠమునుండియు దిగినపుడు, ఆ ప్రశ్నకు సమాధానము దొరకినది. రెండుచేతులును బోఁగా నిలిచినది మూఁడవది. అతని భార్య, కవయిత్రి తహ్నియతున్నీసా బేగము, దానమిచ్చిన స్థలమున పంజాగుట్టలో 'ఐవానె ఉర్దూ' భవనము లేచినది.

ఇదే నగరమునఁ దెలుఁగువారి చరిత్ర తలక్రిందుగా నడచినది. రాజాదరణము లేకయే 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము పుట్టెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పేరఁ బరిశోధకమండలి వెలసి 1935లోఁ దెలంగాణ శాసనముల సంపుటమును బ్రకటించెను. 1943లో నాంధ్రసారస్వతపరిషత్తు పుట్టి పల్లెపల్లెకుఁ బరీక్షలు గొనిపోయెను. రాజభాషకొఱకు జోర్ ముందుచూపుతోఁ జేసినదియు, రాజభాష కానిదానికొఱకు వీరు గత్యంతరములేకఁ జేసినదియు నొకే పద్ధతి: చందా, పుస్తకము, పరీక్ష, పత్రిక. ఒకే యూర నుండియు నీ సంస్థలవారు పరస్పరము పుస్తకములఁ జదివిన జాడ తక్కువ. దోష మొకవైపుదే కాదు.

సంస్థాపకుని తొందర పరిశోధకునకుఁ జెఱుపు చేసెనా యన్నఁ గొంత చేసెననియే చెప్పవలెను. ప్రజలకు సుబోధముగా నుండవలెనను కోరికయే గజలులకు శీర్షికలు పెట్టించినది. నగరమునకు సొంతకథ కావలెనను కోరికయే భాగమతిని నిలిపినది. కాని యదే సంస్థవలన నతని రచనలలోఁ గెల్ల నిర్దోషమైనది పుట్టినదను విషయము మఱవరాదు. అది 'తజ్‌కిరా ఎ మఖ్తూతాత్', సంస్థ చేర్చిన వ్రాఁతప్రతుల వివరణసూచి, 1943 మొదలుకొని అయిదు సంపుటములు. అందుఁ గథకుఁ డెక్కడను దలయెత్తఁడు. ప్రతి పుస్తకమునకును గర్త యెవ్వఁడు, లేఖకుఁ డెవ్వఁడు, వ్రాసిన సంవత్సర మేది, పుట లెన్ని, ఆద్యంతము లెట్టివి, యను విషయములే యుండును. మన ప్రాచ్యలిఖితపుస్తకాలయములవారు చేసిన త్రైవార్షికసూచుల యలవాటున్నవారికిఁ జదువుట కష్టము గాదు. లిపి యొక్కటియే యడ్డు. 'బోల్కే' యే కాలపు ప్రతిలో మొదటఁ గనఁబడునో, నాయికానామములు మాతృకలలో నెట్లు వ్రాయఁబడినవో వెదకువాఁ డారంభింపవలసినది కుల్లియాత్ పీఠికనుండి గాదు, ఈ సూచినుండియే.